పేరు గీకేసిన పాట

న్యూయార్క్, క్వీన్స్, కొరోనా పేట. పూల కొట్టు కింద నేలమాళిగ. ఆదివారం సాయంత్రం ఆరు దాటింది. ఏడింటికి ఇంటర్నెట్‌లో ‘సొనీదో బర్రాంకా’ లైవ్. సొనీదో అంటే పాత రికార్డులు వేస్తూ, వినేవాళ్లని పేరుపేరునా పలకరించేవాడు. పాటలు వేసేది సెల్సో. ఫోన్లో వచ్చే కామెంట్లు చూసి అతనికి అందించేది భార్య ఒతీలియా.

“అది కాదు ఒతీలియా, నేనడిగేది ఒకటి, నువ్వు చెప్పేది ఇంకోటి. గురువారం ఎక్కడికెళ్లావు?”

“చెప్పానుగా. పసాయిక్.”

“పసాయిక్‌లో ఏముంది?”

“ఇళ్లున్నాయి, మనుషులున్నారు. సగం ఊరు మన పుయెబ్లా నుంచి వలస వచ్చినవాళ్లే. ఆ స్పీకర్ కేబుల్ వదులుగా ఉంది చూడు. పోయిన వారం గరగరలాడింది.”

“కేబుల్ సంగతి నాకు తెలుసు. మొక్కజొన్న తమాలేలు అమ్మే ఫ్లోరిందా నిన్ను చూసిందట. బస్సు దిగి సరాసరి, నాకు పోటీగా లైవ్ పెట్టే ఆ ఎవరిస్తోగాడి ఇంటి మెట్లెక్కావట.”

“ఫ్లోరిందా తమాలేలు అమ్ముతోందా, బస్సు దిగేవాళ్ల మీద నిఘా పెట్టిందా?”

“నవ్వకు. పెళ్లికి ముందు ఆ ఎవరిస్తో గిటార్ పట్టుకుని మీ ఇంటి కిటికీ కింద నిలబడ్డాడు. మర్చిపోయాననుకుంటున్నావేమో.”

“నిలబడ్డాడు. మా నాన్న పైనుంచి బకెట్ నీళ్లు కుమ్మరించాడు. ఇరవై ఏళ్లయింది. వాడి చొక్కా ఎప్పుడో ఆరిపోయింది, నీకే ఇంకా ఆరలేదు.”

“ఫోన్లో ఎవరది? మెసేజ్ ఎవరిది?”

“దారిలో ట్రాఫిక్ ఉందట.”

“ఎవరికి?”

“వచ్చేవాళ్లకి. ఆదివారం కదా, వంతెన దగ్గర మామూలేగా.”

“మాట మార్చకు. ఇది విను. పోయిన ఆదివారం వాడి లైవ్‌లోంచి పట్టాను. విను... విన్నావా? ఏ పాట ఇది?”

“మన పాట.”

“మన పాట కాదు. నా పాట. భూమ్మీద ఆ రికార్డు ఇంకోటి లేదు. తువ్వాల్లో చుట్టి, సూట్‌కేసులో పెట్టి, పైన మా అమ్మ ఫోటో పెట్టి తాళం వేశాను. తాళంచెవి ఎక్కడుంటుంది?”

“నీ మెళ్లో.”

“నేను స్నానానికి వెళ్తే?”

“తలుపు గడియకి.”

“గడియకి. అప్పుడు ఇంట్లో ఉండేదెవరు?”

“నేను, పిల్లి. పిల్లిని కూడా అడుగు. దానిక్కూడా పసాయిక్‌లో ఎవరైనా ఉన్నారేమో.”

“ఎకసెక్కాలా? చూడు, పది మంది దగ్గర దొరికే పాట వేసేవాణ్ణి సొనీదో అనరు. ఎవరి దగ్గరా లేని పాట వేస్తేనే సొనీదో. అందుకేగా రికార్డు మీద పాట పేరూ, పాడినవాళ్ల పేరూ గీకేసేది? పక్కవాడు చదివి, వెతికి కొనుక్కోకూడదని. మన పెద్దవాళ్ల నుంచీ వస్తున్న పద్ధతి. నేనూ గీకాను, దాచాను. ప్రతి ఆదివారం చికాగో నుంచి రాస్తారు, లాస్ ఏంజెలెస్ నుంచి రాస్తారు, మన కొండల్లో సిగ్నల్ కోసం ఇంటి కప్పెక్కి కూర్చున్నవాళ్లు రాస్తారు. సెల్సో, ఆ పాట పేరేంటి, ఆమె ఎవరు అని. నేనేమంటాను?”

“‘నాకూ, ఆ పైవాడికీ తప్ప ఎవరికీ తెలీదు’ అంటావు.”

“అంటాను. అందుకే మళ్లీ వస్తారు. పాట నడుస్తుండగా వాళ్ల పేర్లు చదువుతాను. ఫలానా వంటింట్లో గిన్నెలు కడిగే తోమాస్‌కి, ఊళ్లో ఉన్న వాళ్లమ్మ నుంచి పలకరింపు అంటాను. వారమంతా ఈ దేశంలో వాణ్ణి పేరు పెట్టి పిలిచినవాడు లేడు. నేను పిలుస్తాను, వెనక ఆ గొంతు పాడుతుంటుంది. వాడు ఏడుస్తాడు, ఊళ్లో వాళ్లమ్మ ఏడుస్తుంది. ఆ ఏడుపు నాది, ఒతీలియా. ఇన్నేళ్లు కూడబెట్టుకున్నాను. ఇప్పుడు అదే పాట ఆ ఎవరిస్తో వేస్తే జనం అటు పోరా?”

“పోయారు కూడా.”

“నువ్వు చెప్పక్కర్లేదు. లెక్క నాకూ కనిపిస్తుంది.”

“ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నీ కడుపుమంట దేనికి? నేను వాడి దగ్గరికి వెళ్లాననా, పాట వాడి దగ్గరికి వెళ్లిందనా?”

“రెండూ.”

“ముందు ఏది?”

“అదేం ప్రశ్న?”

“ఆలోచిస్తున్నావు చూడు.”

“ఆలోచించడం లేదు.”

“పాటే. నేను ఆ తర్వాతే. పోనీలే, ఈ మాట వింటే ఎవరిస్తో సంతోషిస్తాడు.”

“వాడి పేరెత్తకు. మళ్లీ మెసేజ్. ఎవరది, ఇలా ఇవ్వు ఫోన్.”

“ఇవ్వను. కామెంట్లు చూడాలి నేను. అప్పుడే జనం వచ్చి కూర్చున్నారు.”

“చూశావా? వస్తారని నాకు తెలుసు. ఎందుకొచ్చారో తెలుసా? ఇవాళ నీ ఎవరిస్తో లైవ్ ఐదింటికి మొదలై, ఐదున్నరకే పడిపోయింది.”

“తెలుసు.”

“తెలుసా? నీకెవరు చెప్పారు?”

“లోకమంతా చూసింది. తెర నల్లబడిపోయింది. నువ్వేం చేశావు సెల్సో?”

“నేనేం చేస్తాను?”

“మధ్యాహ్నం నుంచీ నీలో నువ్వే నవ్వుకుంటున్నావు. సరిహద్దు దాటి ఈ దేశంలో అడుగుపెట్టిన రోజు కూడా నువ్విలా నవ్వలేదు. ఏం చేశావు?”

“నా ఆస్తి నేను కాపాడుకున్నాను. అంతే. ఆ పాట నాదని ఇంటర్నెట్‌లో నమోదు చేయించుకున్నాను. ఇక ఆ రాగం, ఆ గొంతు ఎక్కడ వినిపించినా యంత్రమే కనిపెట్టి నోరు నొక్కేస్తుంది. మనిషి కూడా అక్కర్లేదు. దర్జాగా కూర్చుని చూశాను.”

“గొంతు నీదెలా అయింది?”

“నాది కాదు. మా అమ్మది.”

“ఎవరిది?”

“మా అమ్మ పాడిందని రాశాను. ఆమె పోయింది కాబట్టి వారసుణ్ణి నేనే అని రాశాను.”

“మీ అమ్మా? చర్చిలో కూడా పెదవులు మాత్రం కదిపేది, ఆవిడ పాడిందా? ఆవిడ గొంతెత్తితే మీ నాన్న చేనుకి పారిపోయేవాడు.”

“చచ్చినవాళ్లని అనకు.”

“నేను అనడం లేదు. నువ్వు పాడిస్తున్నావు. సరే, ఇది చెప్పు. ఇందాక నాకు వినిపించావే, వాడి లైవ్‌లోది, అందులో రెండో చరణం దగ్గర ‘టిక్’ అని వినిపించిందా?”

“ఏం టిక్?”

“మన రికార్డు మీద గీత పడిన చోట ప్రతిసారీ టిక్కుమంటుంది. ఇన్నేళ్లుగా వింటున్నావు. వాడి దాంట్లో ఉందా?”

“శుభ్రం చేయించి ఉంటాడు. ఇప్పుడన్నీ చేస్తున్నారుగా.”

“మూడో చరణం కూడా ఉంది వాడి దాంట్లో.”

“మూడో చరణమా? మూడో చరణం ఎక్కడిది? రెండింటితో అయిపోతుంది.”

“రికార్డులో అయిపోతుంది. వెనక్కి జరిపి చివరిదాకా విను. నువ్వు ఎంత మండిపోయావంటే సగంలోనే ఆపేసి ఉంటావు.”

“...ఇదేంటి? ఈ మాటలు నేనెప్పుడూ వినలేదే.”

“ఎవరిస్తో దగ్గర రికార్డు లేదు సెల్సో. నేను ఏ సూట్‌కేసూ తెరవలేదు. వాడి గదిలో ఒక మనిషి కూర్చుని పాడింది. ఆ గొంతు గల మనిషే. కాస్త బొంగురుపోయింది, అంతే. ఇవాళ లైవ్ ఆగినప్పుడు కూడా ఆమే పాడుతోంది. నువ్వు రికార్డుని ఆపలేదు. మీ అమ్మ గొంతు దొంగిలించిందని చెప్పి, ఆమె గొంతునే నొక్కేశావు.”

“అబద్ధం.”

“పేరు హెర్మీనియా. డెబ్బై దాటింది, అందరూ గౌరవంగా ‘దోన్యా’ అంటారు. పసాయిక్‌లో ఒక లాండ్రీ షాపు వెనక గదిలో ఉంటుంది, బట్టలు ఇస్త్రీ చేస్తుంది. గురువారాలు నేను వెళ్లేది ఆమె దగ్గరికి.”

“ఫ్లోరిందా చూసింది ఎవరిస్తో మెట్లని...”

“ఆ షాపు పై వాటాలోనే ఎవరిస్తో ఉంటాడు. ఇవాళ ఆమె పాట ఎన్నింటికో వాణ్ణి అడగడానికి ఎక్కాను. అడిగాను, దిగాను. మధ్యలో ఎక్కడా ఆగలేదు. చాలా?”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పలేదా? పోయిన చలికాలం అంతా ఆమె నీకు కామెంట్లు రాసింది. ‘బాబూ, ఆ పాట పాడింది నేను, నా పేరు ఒక్కసారి చెప్పు’ అని. నేను చదివి వినిపించాను. నువ్వేమన్నావు?”

“అలా చాలామంది రాస్తారు. మొన్న ఒకావిడ ఆ పాట తన మేనత్తదని రాసింది. ఇంకొకడు, మగాడు, తనే పాడానని రాశాడు.”

“నువ్వేమన్నావని అడిగాను.”

“బ్లాక్ చెయ్యమన్నాను.”

“‘పేరు చెబితే పాట చచ్చిపోతుంది, ఆ ముసల్దాన్ని బ్లాక్ చెయ్’ అన్నావు. చేశాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టక నా ఫోన్ నుంచి ఆమెకి రాశాను. తర్వాత వెళ్లాను. ఆమె ఒక చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తూ, నా వైపు చూడకుండా పాడింది. సెల్సో, తిరుగు బస్సు వదిలేసుకుని చివరిదాకా విన్నాను. తిరిగొచ్చి, ఒకసారి ఆమెని పిలిచి చూద్దామా అని మెల్లగా అడిగాను. నువ్వు ప్లేటు విసిరావు.”

“ప్లేటు జారింది.”

“గోడ దాకా జారింది. అప్పుడు వెళ్లి ఎవరిస్తోని అడిగాను. వాడు ఒక్క మాట కూడా అనకుండా కుర్చీ వేశాడు.”

“వేస్తాడు. నా పాట ఊరికే వస్తుంటే కుర్చీయేం ఖర్మ, సింహాసనం వేస్తాడు. నువ్వడిగావు కాబట్టి ఇంకా వేస్తాడు.”

“మళ్లీ మొదటికొచ్చావు.”

“ఆమే ఆమె అని గ్యారంటీ ఏంటి? ముసలివాళ్ల గొంతులన్నీ ఒక్కలాగే ఉంటాయి.”

“దానికి నువ్వే సాక్ష్యం. నువ్వు గీకేసిన పేరేంటో చెప్పు. హెర్మీనియా అయితే ఆమే. కాకపోతే నేనే వెళ్లి ఎవరిస్తో లైవ్‌లో క్షమాపణ చెబుతాను. చెప్పు, ఆ రికార్డు మీద ఏం పేరుంది?”

“ఇప్పుడు ఆ గొడవెందుకు? టైమవుతోంది, మైకు చూడు.”

“మైకు బాగుంది. పేరు చెప్పు.”

“గుర్తు లేదు.”

“పాట పేరు?”

“అదీ...”

“నాకూ పైవాడికీ తెలుసు అని ప్రతి ఆదివారం ఛాతీ మీద చెయ్యేసుకుని చెబుతావే.”

“ఒతీలియా, వదిలెయ్.”

“నా వైపు చూడు. నీకు తెలీదు, కదూ?”

“...నేను గీకలేదు.”

“ఏంటి?”

“నేను గీకలేదు. తెపీతో అనే సంతలో ఒక పాత సామాన్లవాడి దగ్గర కొన్నాను. అప్పటికే గీకేసి ఉంది. ఎవరు గీకారో, ఎందుకు గీకారో వాడికీ తెలీదు. నాకు పాట పేరూ తెలీదు, పాడినామె పేరూ తెలీదు. ఎప్పుడూ తెలీదు.”

“ఇన్నేళ్లుగా...”

“తెలీదంటే ఎవరు వింటారు? తెలిసి దాచినవాడి చుట్టూ జనం తిరుగుతారు. తెలీనివాడి చుట్టూ ఎవరు తిరుగుతారు? పెద్ద సొనీదోలంతా ఒక పక్క, నేనొక పక్క. నాకున్నది ఆ ఒక్క రహస్యం. అదీ నా దగ్గర లేదు.”

“నాక్కూడా చెప్పలేదు.”

“నీకసలు చెప్పలేను. కిటికీ కింద వాడు నిలబడ్డప్పుడు వాడి దగ్గర గిటార్ ఉంది. నా దగ్గర ఏముంది? ఆ రికార్డు. ‘దీని వెనక ఒక రహస్యం ఉంది’ అని నీకు చెప్పాను. నువ్వు నవ్వి నా పక్కన కూర్చున్నావు. అప్పట్నుంచీ దాన్ని మొయ్యాల్సి వచ్చింది.”

“నేను రహస్యానికి కూర్చోలేదు, బుద్ధిలేనివాడా. కాళ్లు నొప్పి పుట్టి కూర్చున్నాను. నీ పక్కన ఖాళీ ఉంది. తర్వాత లేవాలనిపించలేదు.”

“...నిజంగా?”

“తర్వాత మాట్లాడుకుందాం. కామెంట్లు చూడు. అందరూ అడిగేది ఒకటే: ఆ పాడే పెద్దావిడ ఏమైంది, ఆమె లైవ్ ఆపించింది ఎవరు అని. నల్లటి తెర మీద నీ పేరు పడింది సెల్సో. ‘ఫలానా వారి ఫిర్యాదుపై ఆపడమైనది’ అని. తెలీదా నీకు?”

“నా పేరా? పేరు వెయ్యరనుకున్నాను.”

“వేశారు. సొనీదో బర్రాంకా. పెద్దక్షరాలతో. నీ గీకుడు అక్కడ పని చెయ్యలేదు.”

“ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను. ఇప్పుడే తీసుకుంటాను. ఎక్కడ నొక్కాలి?”

“నొక్కు. కానీ వాళ్లు దాన్ని చూసి తెరిచేసరికి రోజులు పడుతుందట. అప్పటిదాకా ఆ గొంతు పాడితే యంత్రం నోరు నొక్కని చోటు ప్రపంచం మొత్తం మీద ఒక్కటే ఉంది.”

“ఏది?”

“నీ లైవ్. ఆ పాట నీదని నువ్వే రాయించుకున్నావుగా.”

“...అందుకనా ఆ మెసేజ్‌లు? ఎవరు వస్తున్నారు? ఒతీలియా, వంతెన మీద ఎవరు?”

“వంతెన దాటేశారు. పైన పూల కొట్టు ముందు వ్యాన్ ఆగింది.”

“ఎవరి వ్యాన్?”

“నీకు తెలుసు ఎవరిదో.”

“వాణ్ణి నా ఇంట్లోకి రానివ్వను. చెబుతున్నాను, ఆ మెట్ల మీద వాడి బూటు కనిపిస్తే...”

“వాడు దిగడు. వ్యాన్‌లోనే కూర్చుంటానన్నాడు. ‘సెల్సోకి నచ్చదు, నేనెందుకు’ అన్నాడు.”

“అలా అన్నాడా? మంచివాడిలా కనిపించాలని అన్నాడు.”

“దేవుడా, దానిక్కూడా కుళ్లుకోవాలా? పక్కకు జరుగు, ఆవిడ దిగుతోంది. మెల్లగా దోన్యా హెర్మీనియా, ఆ చివరి మెట్టు కాస్త ఎత్తుగా ఉంటుంది. నా చెయ్యి పట్టుకోండి.”

“పట్టుకున్నానమ్మా. ఇతనేనా?”

“ఇతనే. మా ఆయన.”

“సన్నగా ఉన్నాడే. లైవ్‌లో లావుగా కనిపిస్తాడు. ఏం నాయనా, మీ అమ్మ బాగా పాడేదటగా?”

“దోన్యా, నేను... కూర్చోండి. ముందు కూర్చోండి. ఒతీలియా, ఆ మంచి కుర్చీ వెయ్.”

“కుర్చీ పోటీలు నాకొద్దు, ఎవరిస్తో కూడా ఇదే చేశాడు. ఆ రికార్డు ఉందా ఇక్కడ? చూడనీ.”

“ఇదిగోండి. జాగ్రత్త... అయ్యో, మీకు జాగ్రత్త చెబుతున్నాను. పట్టుకోండి.”

“ఊ. ఇదే. మేకుతో గీకాడు, చూశావా, కాగితం కింద దాకా దిగింది. మా ఆయన పని.”

“మీ ఆయనా? మీ ఆయన సొనీదోనా?”

“సొనీదో కాదు, నాయనా. అనుమానప్పక్షి. నా రికార్డు వచ్చిన కొత్తలో ఎవరో ముక్కూ మొహం తెలీనివాడు దాని మీద నా పేరు చదివి పాట బాగుందని ఇంటికొచ్చి చెప్పి వెళ్లాడు. అంతే. ఊళ్లో ఉన్న కాపీలన్నీ కొనుక్కొచ్చి, ఒక్కోటీ ఒళ్లో పెట్టుకుని నా పేరు గీకాడు. గీకినవి పొయ్యిలో వేశాడు. ఇదొక్కటీ ఎలా తప్పించుకుందో. నేనూ అలాగే ఎలాగో తప్పించుకుని ఈ దేశం వచ్చాను.”

“దోన్యా, నన్ను క్షమించండి. పది నిమిషాలే ఉంది. మీ పేరు చెబుతాను. మొత్తం చెబుతాను. నాకు ఎప్పుడూ తెలీదని కూడా చెబుతాను. ఆ తర్వాత మీరు పాడండి. మీకు కావలసింది అదేగా?”

“పేరు ఎవడిక్కావాలి ఈ వయసులో? పేరు చివర్లో చెప్పు. ముందు ఒక పలకరింపు చదవాలి.”

“పలకరింపా?”

“నా పేరు చెప్పమని చలికాలమంతా నీకు రాసిందీ దానికోసమే. ఎవరిస్తో మంచివాడే, కానీ ఆ పలకరింపు అందాల్సిన మనిషి వాడి లైవ్ చూడదు. నీదే చూస్తుంది, పుయెబ్లా నుంచి, ప్రతి ఆదివారం. నీకు కామెంట్లు పెడుతుంది. అక్కడే కనిపించింది నాకు, ఇన్నేళ్ల తర్వాత.”

“వాడి లైవ్ చూడదా? నాదే చూస్తుందా?”

“సెల్సో. ఇప్పుడా సంతోషం?”

“లేదు, ఊరికే అడిగాను. మరి మీరే ఆమెకి ఫోన్ చెయ్యొచ్చు కదా దోన్యా?”

“చేశాను. నా పేరు చెప్పగానే, ఎవరో మోసగత్తె అనుకుని తిట్టి పెట్టేసింది. రెండోసారి ఏడుస్తూ పెట్టేసింది. అందుకని పాడాలి. చిన్నప్పుడు ఈ పాటతోనే పడుకునేది, ఆ మూడో చరణం పోయిన వారం దాకా దానికి తప్ప ఎవరికీ తెలీదు. నిన్నొక్కణ్ణే నమ్ముతుంది. నువ్వు పేరు పెట్టి పిలిస్తే ఎంతటివాళ్లయినా ఆగి వింటారని ఒతీలియా చెప్పింది.”

“అలా చెప్పావా నువ్వు?”

“చెప్పాను. మైకు పట్టుకో. జనం నిండిపోయారు. ఇక మొదలుపెట్టు.”

“దోన్యా, లైవ్ పెట్టేస్తున్నాను. ఇక్కణ్ణుంచి మనం మాట్లాడేదంతా వాళ్లకి వినిపిస్తుంది. పలకరింపు ఎవరికి, ఏమని చెప్పమంటారు?”

“అంపారోకి. నా కూతురు. వాళ్ల నాన్న చెప్పింది నమ్మి, పిచ్చిది, ప్రతి నవంబరులోనూ చనిపోయినవాళ్ల పండక్కి నా సమాధి మీద పూలు పెడుతోంది. ఇక పెట్టొద్దని చెప్పు.”